సర్పంచ్‌కు, ఆమె మొగునికి సోషల్ చెప్పిన ఏడాది

నిద్రవోయే సబ్జెక్టు

కొత్తగ సోషల్ టీచరు కొలువు దొరికి మా నారాయణఖేడ్ దిక్కు వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటరు. చాయ్ తాగుతరు, ఆ ముచ్చట ఈ ముచ్చట చెప్తరు, ఆఖరికి అందరూ ఒకటే అడుగుతరు. "మేడం, చరిత్ర అంటే కథ లెక్క చెప్తం. భూగోళం అంటే మ్యాపు పెడ్తం. గీ పౌరశాస్త్రం ఎట్ల చెప్పాలె? క్లాసంత నిద్రవోతుంది."

నిద్రవోతరు. నా క్లాసుల గూడ పోయిన్రు. పార్లమెంటు, న్యాయవ్యవస్థ అని బోర్డు మీద రాసి వెనకకు తిరిగేసరికి సగం మంది గదుమ కింద చెయ్యి పెట్టేటోళ్లు. రాజ్యాంగం అంటే ఏందిరా అంటే "రాజు ఏసుకునే అంగి" అని రాసిన పిలగాడు ఉన్నడు. స్పీకర్ విధులు రాయమంటే "సౌండ్ పెంచుట, తగ్గించుట, కరెంటు పోతే ఊకుండుట" అని పాయింట్లు పెట్టి, కింద స్కేలుతోని గీత కొట్టిన పిల్ల ఉన్నది. సంకీర్ణ ప్రభుత్వం అంటే "ఒకరి సంకల ఒకరు కూసున్న ప్రభుత్వం" అని ఒకడు రాసిండు. ఎంతసేపు ఆలోచించినా తప్పని కొట్టేయ బుద్ధి కాలే. అర మార్కు వేసిన.

నా ప్రమోషన్లు, బదిలీలు, ఇంక్రిమెంట్ల గొడవ ఇక్కడ రాయను. అవి అందరికీ ఒక్క తీరుగనే ఉంటయి, చదివేటోళ్లకు నిద్ర వస్తది. ఈ సబ్జెక్టు అసలు కష్టం ఏందో నాకు తెలిసింది ఒక్క ఏడాదిల, ఇద్దరు విద్యార్థులతోని. ఆ ఇద్దరికీ అప్పటికే పెండ్లీడుకొచ్చిన పిల్లలున్నరు. వాళ్ల ముచ్చటే చెప్త. ఇన్నేండ్లు నేను చేసిన పని ఏందో అందుల మొత్తం ఉన్నది.

పేరు ఆమెది, పని ఆయనది

మా బడిల ఓపెన్ టెన్త్ సెంటర్ ఉండేది. బడి మధ్యల మానేసినోళ్లు, ఆటోలు నడిపేటోళ్లు, పిల్లల తల్లులు పరీక్షకు కట్టి ఆదివారాలు క్లాసులకు వచ్చేటోళ్లు. వానాకాలం మొదలైన కొత్తల ఒక ఆదివారం తెల్లటి ఖద్దరు అంగి వేసుకున్న ఒకాయన బండి మీద వచ్చి, సక్కగ బడి వరండల దాకా ఎక్కించి ఆపిండు. ఎనక ఒకామె దిగి కొంగు సర్దుకున్నది.

"నమస్తే మేడం. నేను సర్పంచ్‌ను," అన్నడాయన. కంగ్టి దాటినంక కర్ణాటక దిక్కు ఉండే ఒక ఊరి పేరు చెప్పిండు. "నా పేరు సంగప్ప. గీమె మా ఇంటామె, కమలమ్మ. ఇద్దరం పదోది రాస్తం."

ఆయన ఎనక నుంచి, తల ఎత్తకుండనే, ఆమె అన్నది: "ఓట్లు నాకు వేసిన్రు."

"అవ్. సీటు ఆడోళ్లకొచ్చింది. పేరు ఆమెది, పని నాది," అన్నడు సంగప్ప, ఇయ్యాల ఎండ కొడ్తుంది అన్నంత మామూలుగ.

గీ వయసుల చదువు ఎందుకు యాదికొచ్చింది అని అడిగిన. కంగ్టిల ఏదో చాయ్ హోటల్ కాడ ఎవరో అన్నరట, వచ్చే ఎలక్షన్ల నుంచి పదోది పాసైనోళ్లే నిలవడాలె అని. ఎవరన్నరు, ఏ కాగితంల ఉన్నది అంటే సంగప్పకు తెల్వదు. కని మనిషికి నిద్ర పట్టలేదు. సీటు మల్ల ఆడోళ్లకు వస్తే కమలమ్మకు పదోది కావాలె. మొగోళ్లకు వస్తే తనకు కావాలె. ఎటొచ్చినా సర్పంచ్‌గిరి ఇల్లు దాటి పోవద్దు. అందుకని ఇద్దరినీ ఒక్కసారే పరీక్షకు కట్టించిండు.

కమలమ్మ పుట్టిల్లు బీదర్ దిక్కు. చిన్నప్పుడు చదివింది కన్నడ బడిల. తెలుగు అక్షరాలు తన పిల్లలు పలక మీద దిద్దుతుంటే పక్కన కూసోని నేర్చుకున్నదట. మాట తక్కువ. పాఠంల ఏదన్నా అర్థం కాకుంటే మాత్రం ఊకునేది కాదు. "యాకె?" అని అడిగేది. ఎందుకు అని అడుగుడు ఆమెకు కన్నడలనే వచ్చేది.

చెయ్యి ఆగొద్దు

మా హెడ్మాస్టరు భూమయ్య సారు మంచి మనిషి. రిజల్టు అంటే మాత్రం ఆయనకు బీపీ. ఆదివారం క్లాసుకు ఒకసారి వచ్చి అందరికీ ఒక ఉపదేశం చేసిండు.

"సూడుండ్రి. పరీక్షల చెయ్యి ఆగొద్దు. జవాబు రాకుంటే ప్రశ్ననే అటు తిప్పి ఇటు తిప్పి రాయుండ్రి. అది గూడ అయిపోతే దగ్గరి సుట్టమైన ఇంకో జవాబు రాయుండ్రి. దిద్దేటోళ్లు చదవరు, జానెతోని కొలుస్తరు."

సంగప్ప చప్పట్లు కొట్టిండు. "గీ సారుకు రాజకీయం ఎరుక," అన్నడు నాతోని.

కొత్త టీచర్లకు నేను గట్టిగ చెప్పేది ఇదే: ఈ జానె కొలత మాట పిల్లలకు చెప్పకుండ్రి. నేను ఎన్నో ఏండ్లు పేపర్లు దిద్దిన. దిద్దేటోళ్లకు ఎండకాలం, ఉక్కపోత, పక్కోని గురక, అన్నీ ఉంటయి. అయినా చదువుతరు. ఏమీ తెల్వక నింపిన పేజీ మొదటి లైనుకే దొరికిపోతది. తెలిసినంత రెండు లైన్లు రాసి ఊకున్న పిల్లకు మార్కులు పడ్తయి. సారుకు ఈ మాట ఎన్నోసార్లు చెప్పిన. "నువ్వు జాలి గుండెదానివి, అందరు నీ లెక్క ఉంటరా?" అనేటోడు.

మొగుడు అనే మాట యాడున్నది?

స్థానిక ప్రభుత్వాల పాఠం మొదలువెట్టిన రోజు సంగప్ప ముందు బెంచీల కూసున్నడు. ఈ పాఠం తనదే అన్నట్టు కాలు మీద కాలు వేసుకున్నడు.

"గ్రామసభకు ఎవరు అధ్యక్షత వహిస్తరు?" అని అడిగిన.

"నేను," అన్నడు.

"పుస్తకంల ఏమున్నది?"

"సర్పంచ్ అని ఉన్నది. గదే నేను."

"సంగప్పా, పరీక్షల అట్ల రాస్తే సున్న వస్తది."

"మా ఊర్ల ఎవల్నన్నా అడుగు టీచరమ్మా. పసిపిల్లగాన్ని అడుగు."

"దిద్దేటోళ్లు మీ ఊరికొచ్చి అడగరు. వాళ్ల కాడ పుస్తకం ఒక్కటే ఉంటది."

ఆయన మొఖం చిన్నగ చేసుకున్నడు. క్లాసుల ఆటో నడిపే పిలగాండ్లు నవ్విన్రు. అప్పుడు ఎనక బెంచీ నుంచి కమలమ్మ చెయ్యి లేపింది. క్లాసుల ఆమె చెయ్యి లేపుడు అదే మొదటిసారి.

"మేడం, రాష్ట్రపతి ఆడామె అయితే, ఆమె సంతకం ఆమె మొగుడు పెడ్తడా?"

"పెట్టడు."

"యాకె?"

నేను పుస్తకాల మనిషిని. "అట్ల రాజ్యాంగంల లేదు," అన్న.

"ప్రధానమంత్రి ఆడామె అయితే?"

"అప్పుడు గూడ పెట్టడు."

"కలెక్టర్ ఆడామె అయితే?"

సంగప్పకు దగ్గు మొదలైంది. నీళ్లు తాగి వస్తనని బయటికి పోయి, క్లాసు అయిపోయేదాక రాలే.

ఆ తర్వాతి ఆదివారం కమలమ్మ బుక్కు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. పంచాయతీ పాఠం మొత్తం అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివిందట. "మేడం, సర్పంచ్ అని ఉన్నది. ఉపసర్పంచ్ అని ఉన్నది. వార్డు మెంబర్లు ఉన్నరు, సెక్రటరీ ఉన్నడు. మొగుడు అనే మాట యాడ లేదు. నాకు కనవడ్తలేదా, నిజంగనే లేదా?"

"నిజంగనే లేదు కమలమ్మా."

"ముద్రణ తప్పు కావొచ్చు," అన్నడు పక్కన నిలవడ్డ సంగప్ప.

ఆమె బుక్కు మూసి సంచిల పెట్టుకున్నది.

చేసి చూసిన పాఠం

పెద్దవయసోళ్లకు బట్టీ రాదు. వాళ్లకు నేను ఒకటే చెప్పేదాన్ని: మీకు కండ్ల ముందర జరిగేదాంతోని జవాబును కలుపుకొని యాదిపెట్టుకోండ్రి. కమలమ్మకు గూడ అట్లనే చెప్పిన. గ్రామసభ పాయింట్లు యాదుంటలేవు అంటే, "మీ ఊర్ల గ్రామసభ అయితది గద, జర పోయి కూసో, చూడు," అన్న. నేను అన్నది చూడమని. ఆమె విన్నది చేయమని.

కొన్ని రోజులకు ఫోన్ చేసింది. "మేడం, రేపు గ్రామసభ పెడ్తున్న. మీరు రావాలె. తప్పు చేస్తే దిద్దాలె."

నాకు పోవుడు ఎందుకు అనిపించింది. పోకుంటే ఇంకేమైతదో అని గూడ అనిపించింది. కంగ్టి దాక బస్సు, ఆడికెంచి ఆటో ఎక్కి పోయిన. ఊరి ప్రైమరీ బడి వరండల జనం కూసున్నరు. మధ్యల ఒక కుర్సీ. అందుల కమలమ్మ. చేతుల సోషల్ బుక్కు, ఒక వేలు పాఠం పేజీల పెట్టుకున్నది. పక్కన సెక్రటరీ, కాలేజీ నుంచి నిన్ననే వచ్చినట్టున్న పిలగాడు, నిలవడి చెమటలు తుడుసుకుంటుండు. సంగప్ప స్తంభానికి ఆనుకొని నిలవడ్డడు. ఆయన ఊర్ల గ్రామసభల ఆయనకు కూసునే జాగ యాడనో ఆయనకే సమజైతలేదు.

కమలమ్మ నన్ను చూసి లేవబోయింది. "కూసో, కూసో, నువ్వు అధ్యక్షత వహిస్తున్నవ్," అన్న. మల్ల కూసున్నది.

"మొదటి పాయింటు, తాగునీరు," అని చదివింది. "ఎవలకన్నా డౌట్లు ఉంటే చెయ్యి లేపుండ్రి."

జనం ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఒక ముసలామె మెల్లగ చెయ్యి లేపింది. "తల్లీ, మా వాడ నీళ్లు రాక ఎన్ని రోజులాయె. మోటరు కాలిపాయె. అడిగితే మీ ఆయన రేపు రేపు అంటుండు."

కమలమ్మ సెక్రటరీ దిక్కు తిరిగింది. "మోటరు యాడున్నది?"

ఆ పిలగాడు సంగప్ప దిక్కు చూసిండు.

"గటు చూడకు," అన్నది కమలమ్మ. "ప్రశ్న నీకు అడిగిన. పక్కోని దిక్కు చూస్తే కాపీ అంటరు."

వరండ మొత్తం నవ్వింది. సెక్రటరీ తల వంచుకొని చెప్పిండు, మోటరు నారాయణఖేడ్‌ల మెకానిక్ కాడ ఎప్పుడో రిపేరు అయి కూసున్నది, తెచ్చేటోళ్లే లేరని.

కమలమ్మ బుక్కు మూసింది. సరిహద్దు ఊర్లల్ల ఆడోళ్లు మొగుణ్ని "రీ" అని మర్యాదగ పిలుస్తరు. ఆమె గూడ అంతే మర్యాదగ పిలిచింది. "రీ, మీరు ఖేడ్ పోయి మోటరు తేండ్రి."

"ఇప్పుడా?" అన్నడు సంగప్ప.

"గ్రామసభ తీర్మానం. చెయ్యి లేపుండ్రి అందరు."

అందరూ లేపిన్రు. పక్కన గోలీలాడే పిల్లలు గూడ లేపిన్రు. సెక్రటరీ లేపిండు. నేను ఊరి మనిషిని కాకపోతిని గని, నా చెయ్యి గూడ సగం దాక లేసింది.

బండి మీద ముచ్చట

"టీచరమ్మను గూడ ఖేడ్‌ల దించి రాండ్రి," అన్నది కమలమ్మ. అట్ల నేను సంగప్ప బండి ఎనక కూసున్న. కంగ్టి దాటేదాక ఆయన గుంతలు వచ్చినా బ్రేకు వేయలే. పత్తి చేన్లు, కంది చేన్లు దాటుతున్నయి, నా నడుము గూడ దాటిపోతదేమో అనుకున్న.

ఆఖరికి అన్నడు: "టీచరమ్మా, నీకు పెండ్లయిందా?"

"అయింది."

"మీ సారుకు గీ పాఠం చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"పప్పు చల్లగైతుంది, జల్దీ తిను అన్నడు."

ఆయన ఇంకో గుంత దాటించిండు. తర్వాత గొంతు మారింది. "అందరు నన్ను చూసి నవ్విన్రు. గీ ఊర్ల నా మాటంటే మాటే ఉండె. మా అమ్మ గూడ నవ్వింది, చూసినవా?"

అప్పుడు నాకు జాలి అయింది. మనిషి చెడ్డోడు కాదు. ఎవరికన్నా దవాఖాన పని పడితే బండి మీద తీస్కపోయేటోడు. ఆఫీసులు తిరిగేటోడు. ఊర్ల పెండ్లిళ్లకు, చావులకు ముందుండేటోడు. కని చేసిన ప్రతి పనీ తన పేరు మీద చెయ్యాలె, చెయ్యనియి రేపటి మీద పెట్టాలె.

"సంగప్పా, వాళ్లు నిన్ను చూసి నవ్వలే. నిన్ను అడగాల్సింది ఇన్నాళ్లు అడగరాలే వాళ్లకు. ఇయ్యాల చెయ్యి లేపితే చాలని తెలిసింది. గందుకు నవ్విన్రు," అన్న.

ఆయన అద్దంల నన్ను చూసిండు. "ఆమెకు ఎన్ని మార్కులు ఇస్తవ్?"

"ఐదుకు నాలుగున్నర."

"అర యాడ పోయింది?"

"ముగింపు సరిగ్గ చెప్పలే. సభ ముగిసిందని అనకుండనే లేచింది."

ఆ మాటకు సంగప్ప మొఖం కొంచెం తేరుకున్నది. మెకానిక్ దుకాణం కాడ బండి ఆపి, దిగి, నా ముందర నిలవడి అన్నడు: "నాకు ఐదుకు ఐదు రావాలె. ఏం చదవాలెనో చెప్పు."

రొట్టెల పందెం

ఆనాటికెంచి వాళ్లింట్ల చదువు పందెంగ మారింది. పొద్దుగూకితే ఇద్దరూ వాకిట్ల కూసోని ఒకరినొకరు ప్రశ్నలడుగుడు. ఓడినోళ్లు ఆ పూట జొన్న రొట్టెలు చెయ్యాలె. ఈ రూలు పెట్టింది సంగప్పనే. ఆయన లెక్క ఏందంటే, ఎట్లయినా రొట్టెలు ఆమెనే చేస్తది గద, పందెం పెడితే పోయేదేమున్నది అని.

రాజ్యసభ సభ్యుని పదవీకాలం ఐదేండ్లు అన్నడు. రొట్టెలు చేసిండు. సుప్రీంకోర్టు హైదరాబాదుల ఉన్నదన్నడు. రొట్టెలు చేసిండు. లోక్‌సభకు ఇంకో పేరు ఏందంటే పై సభ అన్నడు. ఎగువ సభ, దిగువ సభ అనే ముచ్చట ఆయనకు ఆఖరిదాక ఎక్కలే. "పెద్దది కింద ఎట్లుంటది?" అని వాదించుకుంట పిండి పిసికేటోడు. మొదట్ల ఆయన రొట్టెలు ఇండియా మ్యాపు లెక్క వచ్చేటియట. భూగోళానికి పనికొస్తయని కమలమ్మ అన్నదట. పండుగలు దాటేసరికి గుండ్రంగ రాబట్టినయి. ఆదివారం క్లాసుకు డబ్బల పెట్టుకొని వచ్చి నాకు గూడ ఇచ్చిండు. మంచిగనే ఉన్నయి. అంచులు జర మందం.

ఊరోళ్లకు ఇది పెద్ద తమాషా అయింది. పొద్దుగాల నల్లా కాడ "రాత్రి ఎవలు ఓడిన్రు?" అని అడుగుడు మామూలైంది. అడిగి అడిగి వాళ్లకు గూడ పాఠం వచ్చింది. ఆ ముసలామె, చెయ్యి లేపినామె, రాష్ట్రపతికి ముప్పై ఐదేండ్లు నిండాలని నాకే చెప్పింది. నాకు నిండినయి అని గూడ అన్నది.

నా అనుభవంల ఏ గైడూ, ఏ మోడల్ పేపరూ చేయని పని ఆ జొన్నపిండి చేసింది. తప్పు చెప్తే ఏదో ఒకటి పోవాలె, అది చిన్నదై ఉండాలె, పక్కోళ్లు నవ్వేది ఉండాలె. మా బడి పిల్లలకు గూడ తర్వాత ఇదే తీరుగ పందేలు పెట్టిన. ఓడినోళ్లు బోర్డు తుడువాలె, గెలిచినోళ్లు నా కుర్సీల కూసోవచ్చు. నా కుర్సీల కూసునేటందుకు వాళ్లు పార్లమెంటు మొత్తం నేర్చుకున్నరు.

కాగితాల మీద కమలమ్మ

పరీక్ష సెంటర్ మా బడే పడ్డది. సోషల్ పరీక్ష నాడు సోషల్ టీచరును గదులల్లకు రానియ్యరు. నన్ను ఆఫీసు రూంల, హెడ్మాస్టరు ముందర కూసోవెట్టిన్రు. హాల్ టికెట్ నంబర్లు పక్కపక్కన ఉన్నందుకు కమలమ్మ, సంగప్ప ఒకే గదిల ఎనక ముందు బెంచీలల్ల పడ్డరు.

పరీక్ష మొదలైన కొంచెంసేపటికి తనిఖీ స్క్వాడ్ వచ్చింది. మండల ఆఫీసుల పెద్ద కొలువు చేసే ఒక సారు, ఎనక ఇద్దరు. వచ్చిన కాసేపటికే వరండల గడబిడ. ఆ సారు సంగప్పను రెక్క పట్టుకొని ఆఫీసు రూంలకు తెచ్చిండు. ఎనక హాజరు పట్టీ పట్టుకొని ఇన్విజిలేటర్ పిల్ల ఏడుపు మొఖంతోని వచ్చింది.

"వేరేటోళ్ల సంతకం పెడ్తుంటే పట్టుకున్న," అన్నడు సారు. "ఒకరి బదులు ఒకరు పరీక్ష రాసే కేసు. బుక్ చేస్త."

జరిగింది ఏందంటే, హాజరు పట్టీ సంగప్ప కాడికి వచ్చింది. పై వరుసల కమలమ్మ పేరు కనవడ్డది. ఎన్నో ఏండ్ల అలవాటు. ఆ పేరు కనవడితే ఆయన చెయ్యి తనంతట తానే కదుల్తది. కమలమ్మ అని సక్కగ సంతకం గీకి, కింద తన పేరు కాడ గీకబోతుంటే స్క్వాడ్ సారు ఎనకనే నిలవడి ఉన్నడు.

భూమయ్య సారు కుర్సీలకెంచి లేచి నిలవడ్డడు. నాకు కమలమ్మ యాదికొచ్చింది. కేసు అయితే సంగప్ప ఒక్కడే పోడు. ఆమె పరీక్ష గూడ ఆపుతరు. బుక్కు మొత్తం వేలుతోని కూడబలుక్కున్న మనిషి.

"నీ పేరేంది?" గద్దించిండు సారు.

సంగప్పకు చెమటలు కారుతున్నయి. "కమలమ్మ సార్."

"నువ్వు కమలమ్మవా?"

"అవ్ సార్... అంటే కాదు సార్. కాగితాల మీద అవ్."

నేను నవ్వు ఆపుకునేటందుకు కిటికీ దిక్కు తిరిగిన. ఇంతల కమలమ్మను గూడ పిలిపించిన్రు. చేతుల పెన్ను అట్లనే ఉన్నది. వచ్చి పట్టీ చూసింది, మొగుని దిక్కు చూసింది, జరిగింది ఆమెకు సమజైంది.

"సార్, గాయిన దొంగ కాదు. పరీక్షల చెయ్యి ఆగొద్దని చెప్పిన్రు. గందుకే ఆగలే," అని భూమయ్య సారు దిక్కు చూసింది. సారు టేబుల్ సొరుగుల ఏదో వెతుక్కోవట్టిండు.

స్క్వాడ్ సారు పట్టీ కండ్లద్దాల కాడికి తెచ్చి సంతకం చూసిండు. కనుబొమ్మలు ముడివడ్డయి. "గీ సంతకం నాకు ఎరుకున్నట్టే కొడ్తుంది. యాడ చూసిన?"

"మీ ఆఫీసులనే సార్," అన్నది కమలమ్మ. "మా ఊరి కాగితాలన్ని మీ టేబుల్ మీదికే వస్తయి గద. అన్నిటి మీద గిదే సంతకం."

సారు కండ్లద్దాలు తీసి తుడిసిండు. మల్ల పెట్టుకున్నడు. ఈ సంతకం తప్పు అని ఇక్కడ రాస్తే, అక్కడ టేబుల్ మీద ఒప్పుకున్నవన్నీ ఏమైతయో ఆయన మనసుల లెక్క కడ్తున్నట్టు మాకు కనవడుతనే ఉన్నది.

"అలవాట్ల పొరపాటు అయినట్టున్నది," అన్నడు ఆఖరికి, గొంతు మస్తు మెత్తగ. "కొట్టేసి, ఆమెతోని పక్కన సక్కగ పెట్టియ్యుండ్రి. పాపం, టైం పోతుంది వాళ్లకు."

కమలమ్మ వంగి, ఒక్కొక్క అక్షరం ఒత్తి, తన పేరు తాను రాసింది. ఆ పేరు ఆమె చేతితోని రాస్తుంటే చూసుడు నాకు కొత్త. పెద్ద పెద్ద అక్షరాలు, డబ్బా దాటి పక్క గడిలకు పోయినయి. సారు చాయ్ గూడ తాగకుండ జీపు ఎక్కిండు. "ఇంక నుంచి కాగితాలు నేనే తెస్త సార్," అని కమలమ్మ వరండల నుంచి చెప్పింది. ఆయన విన్నడో లేదో, జీపు మాత్రం గేటును రాసుకుంట పోయింది.

పరీక్ష అయినంక ఇద్దరినీ అడిగిన.

"ఎన్నికల సంఘం గురించి వచ్చింది," అన్నడు సంగప్ప. "గది యాదికి రాలే. మా ఊరి మహిళా సంఘం గురించి రాసిన. ఏ సంఘమైనా సంఘమే గద. చెయ్యి మాత్రం ఆగలే."

కమలమ్మకు సర్పంచ్ విధులు వచ్చింది. అన్ని పాయింట్లు రాసిందట. ఆఖరిది తాను కలిపిందట: భర్తను ఖేడ్ పంపి మోటరు తెప్పించుట.

"అది పుస్తకంల లేదు కమలమ్మా," అన్న.

"జరిగింది గద మేడం," అన్నది.

పాసైనంక

ఈ ముచ్చట చెప్తే కొత్త టీచర్లు నవ్వుతరు, నవ్వి "మరి మేమేం చెయ్యాలె?" అంటరు. నాకు తెలిసింది కొంచెమే. పిల్లలకు ఊరికీ పుస్తకానికీ మధ్యల ఉన్న తేడా దాచకుండ్రి. వాళ్లకు అది ముందే ఎరుక. దాస్తే మిమ్మల్ని నమ్ముడు మానేస్తరు. పుస్తకంల ఉన్నది పరీక్షల రాయుండ్రి, ఊర్ల ఉన్నది క్లాసుల మాట్లాడుండ్రి, రెండూ ఎందుకు కలుస్తలేవో అడిగే పిల్లను కూసో అని గద్దించకుండ్రి. ఆ అడిగే పిల్ల ఒక్కతి ఉంటే ఆ క్లాసు నిద్రవోదు. భూమయ్య సారు లెక్కటి హెడ్మాస్టర్లు మీకు గూడ దొరుకుతరు. వాళ్లతోని కొట్లాడకుండ్రి, వాళ్ల బీపీ పెరుగుతది. తలూపి, బయటికొచ్చి మీ పాఠం మీరు చెప్పుండ్రి.

ఫలితాలొచ్చిన నాడు సంగప్ప ఫోన్ చేసిండు. ఇద్దరూ పాసైన్రు. కమలమ్మకు సోషల్ల మంచి మార్కులు వచ్చినయి. సంగప్ప అంచు మీద గట్టెక్కిండు. మహిళా సంఘానికి ఎవరో దయగల మనిషి ఒక మార్కు వేసినట్టున్నరు. పదోది పాసైతేనే నిలవడాలె అన్న రూలు గురించి మాత్రం ఎంత మందిని అడిగినా ఎవరికీ తెల్వదట. అసలు అట్లాంటి రూలే లేదని ఆఫీసుల చెప్పిన్రట.

"మరి అంత చదివినందుకు పరేషాన్ అయితున్నవా?" అని అడిగిన.

"గందుకు కాదు మేడం." గొంతు తగ్గించిండు. గాలి చప్పుడు వినవడ్తుంది, చేను కాడికి పోయి మాట్లాడుతున్నట్టున్నడు. "ఆమె ఇంటర్ కడ్తనంటుంది. పదోదాంట్ల పౌరశాస్త్రం జరంతనే ఉండె. ఇంటర్ల దానికి మొత్తం ఒక బుక్కే ఉంటదంట. నిజమేనా?"

"నిజమే. మొదటి ఏడు ఒకటి, రెండో ఏడు ఇంకొకటి."

ఆయన రెండు బుక్కులా అని లెక్క పెట్టుకున్నడు.

"మేడం, నీకు దండం పెడ్త. పౌరశాస్త్రం లేని గ్రూపు ఏదన్నా ఉంటే ఆమెకు చెప్పరాదు? మొక్కల గురించి, లెక్కల గురించి, ఏదన్నా. నువ్వు చెప్తే ఇంటది."

నేను నోరు తెరిచేలోపల్నే ఫోన్ చేతులు మారింది. చేన్ల ఎప్పటికెంచి నిలవడి విన్నదో తెల్వదు.

"మేడం, నేను కమలమ్మను. ఏ గ్రూపు తీసుకోవాలె?"

"హెచ్.ఈ.సి. తీసుకో," అన్న.

"గందుల ఏమేం ఉంటయి?" ఎనక నుంచి సంగప్ప గొంతు, ఆశగ.

"హిస్టరీ," అన్న. కమలమ్మ ఆయనకు వినవడేటట్టు గట్టిగ చెప్పింది. "ఎకనామిక్స్," అన్న. అది గూడ చెప్పింది. మూడోది చెప్పబోయేసరికి ఫోన్ కట్ అయింది. ఎవరు కట్ చేసిన్రో నేను అడగలే.